మూగపేట తగువు

మొగుణ్ణి నలుగురూ మెచ్చుకుంటుంటే సంతోషపడాల్సింది పోయి, ఆ పొద్దున సుజన వరసబెట్టి దోసెలు మాడబెట్టింది.

సురేంద్రబాబు వంటింటి గుమ్మానికి ఆనుకుని ఫోన్లో వచ్చినవన్నీ పైకి చదువుతున్నాడు. "చూడు మే, కావలి డేవిడ్‌రాజు ఏం పెట్టినాడో. 'ఇన్నాళ్ళకి మూగపేట గుట్టు విప్పే మొనగాడు దొరికినాడు' అంట. నెల్లూరు నుంచి షైనీ అని ఒకమ్మాయి దండం బొమ్మలు పెట్టింది. ఒకటి కాదు, స్క్రీన్ అంతా దండాలే."

"దోసెలు తింటారా, దండాలు తింటారా?" అంది సుజన, పెనం వైపే చూస్తూ.

అతనికి ఆ గొంతులో తేడా తెలియలేదు. ఆత్మకూరు బస్టాండు దగ్గర పెయింట్ల షాపు నడుపుకునే మనిషి. గోడలకి ఏ రంగు నప్పుతుందో ఒక్క చూపులో చెప్తాడు గానీ, ఇంట్లో మనిషి మొహంలో రంగు మారితే కనిపెట్టలేడు. నవ్వుకుంటూ మాడిన దోసే తినేసి షాపు తాళాలు తీసుకుని పోయాడు.

మూగపేట అనేది నిజం ఊరు కాదు. నాయుడుపేట దాటినాక చెన్నై రోడ్డు పక్కన ఇంద్రజాల అని ఒక పెద్ద వినోదాల పార్కు ఉంది. అందులో ఎటు చూసినా రంగులు, పాటలు, గిర్రున తిరిగే తొట్లు. ఒక మూలన మాత్రం పాతకాలపు పేట ఒకటి కట్టారు. గేటు మీద 'మూగపేట' అని పేరు తప్ప ఎక్కడా ఒక్క ముక్క రాసిపెట్టలేదు. లోపల రాళ్ళు పరిచిన వీధి, రెండు పక్కలా అంగళ్ళు, నడిమధ్యన గంటల మండపం. మండపం కప్పుకి బారుగా గంటలు వేలాడుతుంటాయి, ఒక్క గంటకీ నాలుక ఉండదు. బండి చక్రాలకి గుడ్డలు చుట్టి ఉంటాయి. తలుపులకి ఇనప బందులు కాకుండా తోలు బందులు వేసి ఉంటాయి. వీధి చివర దిగుడుబావి. మెట్లు దిగి పడవెక్కితే అది చీకట్లోకి, నేల కింద పారే ఏటిలోకి తీసుకుపోతుంది. బయటికి తేలేటప్పటికి జనం నిలువునా తడిసి, కేకలు పెడుతూ, ఇంకో ఆట వైపు పరిగెత్తుతారు.

ఆ ఊరు ఎందుకు మూగబోయిందో పార్కు వాళ్ళు ఎప్పుడూ చెప్పలేదు. చెప్పకపోబట్టే కొంతమందిని అది దెయ్యంలా పట్టుకుంది. వాళ్ళంతా చేరి ఫోన్లో ఒక గ్రూపు పెట్టుకున్నారు. పేరు 'మూగపేట వాసులు'. నడిపేది డేవిడ్‌రాజు. ఆ గ్రూపులో మొదట చేరిన కొద్దిమందిలో సుజన ఒకతె.

కూతురి స్కూలు వాళ్ళు పిల్లల్ని పార్కుకి తీసుకుపోతూ తోడుగా తల్లుల్ని కూడా రమ్మంటే మొదటిసారి పోయింది. పిల్లలు నీళ్ళాటలో ఉన్నప్పుడు ఒక్కతే ఆ మండపం కింద నిలబడింది. తల పైకెత్తి అన్ని గంటలు చూసి, ఒక్క చప్పుడూ లేకపోయేసరికి ఒళ్ళు గగుర్పొడిచింది. ఆ రోజునుంచీ ఆమెకి అదే ధ్యాస. మూడేళ్ళలో వీలు కుదిరినప్పుడల్లా పోయింది. పోయిన ప్రతిసారీ ఒక కొత్త సంగతి పట్టుకొచ్చి గ్రూపులో పెట్టింది.

ఆమె నమ్మకం ఇది: ఆ ఊరి కింద ఒక ఏరు నిద్రపోతోంది. గట్టిగా చప్పుడైతే లేస్తుంది, లేస్తే ఊరు మునుగుతుంది. అందుకని ఆ జనమే, ఎవరూ చెప్పకుండా, తమ గంటల నాలుకలు తామే పీకేసుకున్నారు. ఊరు వదిలి పోవడం కంటే నోరు మూసుకుని బతకడమే నయమనుకున్నారు.

ఇంత ఆలోచించి రాస్తే గ్రూపులో ముగ్గురో నలుగురో బొటనవేలు బొమ్మ పెట్టేవాళ్ళు. అంతే.

అత్త సుబ్బరత్నమ్మ అయితే మొహం మీదే అనేది, "ఏమ్మే, మీ ఉదయగిరిలో కొండంత నిజం కోట పెట్టుకుని, ఈ అట్టముక్కల ఊరి మీద పిచ్చేందే నీకు?"

సుజన పుట్టిందగ్గర్నుంచీ ఉదయగిరి కొండ నీడలో పెరిగింది. ఆ కోట ఎవరు కట్టారో, ఎవరు ఏలారో బడిలో చెప్పేశారు, బోర్డు మీద రాసేశారు. మూగపేటలో అట్లా కాదు. అక్కడ ఆమె చెప్పడానికి కూడా కొంచెం చోటుంది.

పోయిన వేసవిలో సురేంద్రబాబుని బతిమాలి వెంట తీసుకుపోయింది. వీధంతా తిప్పింది. వంగి చక్రాలు చూపించింది. తలుపు తోసి, చప్పుడు కాకపోవడం చూపించింది. అతను రాళ్ళ మీది నాచు గోకి చూసి, "ఇది నాచు కాదు మే, పచ్చరంగులో రంపప్పొట్టు కలిపి కొట్టినారు. బలే పనోళ్ళు" అన్నాడు. తిరిగొచ్చేటప్పుడు బస్సులో ఉన్నట్టుండి, "నేను చెప్పేదా? అది దొంగల ఊరు. దోచుకొచ్చిన సరుకు చప్పుడు కాకుండా తోలుకొచ్చేదానికే ఆ గుడ్డలు" అన్నాడు. సుజన పకపకా నవ్వింది. తర్వాత ఆలోచించి, "మరి ఏ ఇంటికీ తాళం లేదు గదండీ? దొంగలు తాళాలు లేకుండా ఉంటారా?" అంది. అప్పటికే అతను కిటికీకి తలవాల్చి నిద్రపోతున్నాడు.

ఆ నవ్వులాటనే ఇప్పుడు, తనూ గ్రూపులో చేరి, వీడియో చేసి పెట్టాడు. అతని గొంతు బాగుంటుంది, చెయ్యి తిప్పుతూ కథ చెప్తాడు. గుడ్డ చుట్టిన చక్రాలు, తోలు బందులు, నాలుకల్లేని గంటలు, సుజన వంగి వంగి చూపించినవన్నీ అందులో ఉన్నాయి. సుజన మాత్రం ఎక్కడా లేదు.

మధ్యాహ్నం క్యారియరు తీసుకుని షాపుకి పోయినప్పుడు ఉగ్గబట్టుకోలేక అడిగేసింది. "ఆ చక్రాలు మీకు చూపించింది నేను గదా. ఒక్క మాట చెప్పుంటే ఏమయ్యేది?"

"చూపించింటావులే," అన్నాడు రంగు డబ్బాలు సర్దుకుంటూ. "చూసేది వేరు, అర్థం చేసుకునేది వేరు మే. మూడేళ్ళు చూసినావు. ఏం తేల్చినావు?"

అతను కసితో అనలేదు. మామూలుగా, లెక్క చెప్పినట్టు అన్నాడు. అందుకే అది ఇంకా లోతుగా దిగింది. ఖాళీ క్యారియరు తీసుకుని ఇంటికి నడుస్తుంటే, ఎదురొచ్చిన వాళ్ళు పలకరించినా ఆమెకి వినపడలేదు.  అతనికొచ్చిన దండాలన్నీ తన చేతిలోంచి ఎవరో లాక్కుపోయినట్టుంది.

ఆ తర్వాత కొన్నాళ్ళకి తండ్రికి కంటి ఆపరేషన్ అయిందని ఉదయగిరి పోయింది. తండ్రి మాలకొండయ్య మెట్ట రైతు. కొన్ని గొర్రెలు, ఒక బోరు. బోరు మోటారు ఇంటి దగ్గర్నుంచే ఫోనుతో ఆన్ చేసుకునేదానికి స్టార్టర్‌లో ఒక సిమ్ పెట్టుకున్నాడు. బోరు ఎండిపోయినాక ఆ సిమ్ ఊడబీకి, పాత ఫోనులో వేసి గూట్లో పడేశాడు.

"నాయనా, ఈ ఫోను నేను తీసుకునేదా?"

"తీసుకోమ్మా. మోటారే లేదు, దాని ఫోనుతో నాకేం పని?"

సుజన వసారాలో కూర్చుని ఆ నంబరుతో మూగపేట వాసుల్లో చేరింది. పేరు అడిగితే తాత పేరు పెట్టింది, గోపాలయ్య. ఫొటోకి ఎదురుగా కనిపిస్తున్న కొండ పెట్టింది. పెట్టేటప్పుడు కొంచెం వెనకాడింది. పంపేటప్పుడు మాత్రం వెనకాడలేదు.

"సురేంద్రబాబు గారి వీడియో చూసినాను. మాట్లాడే తీరు బాగుండాది. ఒకటే అనుమానం. మూగపేటలో ఏ తలుపుకీ గొళ్ళెం లేదు, తాళం లేదు, తాళం పెట్టే చోటు కూడా లేదు. పక్కింటోడు కూడా దొంగేనని తెలిసీ, ఏ దొంగన్నా ఇల్లు బార్లా తీసుకుని నిద్రపోతాడా? ఒకరికి ఒకరు భయపడే ఊరు కాదు అది. అందరూ కలిసి ఇంకో దేనికో భయపడే ఊరు."

సాయంత్రానికి గ్రూపు అట్టుడికిపోయింది. షైనీ దండాలు ఈసారి గోపాలయ్యకి వచ్చాయి. డేవిడ్‌రాజు "ఎవరు సార్ మీరు, ఇన్నాళ్ళు యాడ ఉండారు?" అని అడిగాడు. సుజన గొర్రెల దొడ్డి దగ్గర ఒంటరిగా నిలబడి నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. దెబ్బ బాగా తగిలింది, ఇప్పుడు ఆయన మొహం ఎట్టా ఉందో అనుకుంది.

అయితే ఆత్మకూరు తిరిగొచ్చేటప్పటికి ఆమె అనుకున్నది ఒకటి, అక్కడున్నది ఒకటి. సురేంద్రబాబు మొహం ముడుచుకోలేదు సరిగదా, వెలిగిపోతోంది.

"సుజనా, ఒకాయన వచ్చినాడు గ్రూపులోకి, గోపాలయ్య సార్ అని. ఫొటోలో కొండ చూస్తే మీ ఉదయగిరే. రిటైరైన హెడ్మాస్టరు అయ్యుంటాడు. ఎంత లోతుగా చూసినాడో తెలుసా? తాళాల్లేవంట! రోజూ తలుపులకి రంగులమ్మేవోణ్ణి, నాకే తట్టలా."

"నేను బస్సులో చెప్పినా గదా," అంది సుజన మెల్లగా.

"ఏం చెప్పినావు?"

"తాళాల సంగతి."

"యాడ చెప్పినావు మే? నువ్వు ఏరు గీరు అని ఏందో చెప్పినావు," అని కొట్టిపారేసి, గోపాలయ్య రాసింది మొదటినుంచీ చదివి వినిపించాడు. మధ్యమధ్యన ఆపి, "అర్థమయిందా? ఆయన ఏమంటుండాడంటే..." అని విడమరిచి చెప్పాడు కూడా.

తన మాటల్ని తనకే అర్థం చెప్తుంటే వింటూ కూర్చున్న సుజనకి, నవ్వొచ్చే చోట నవ్వు రాలేదు. ఏడుపూ రాలేదు. గోపాలయ్య మీద ఒళ్ళు మండింది.

ఆమెకి నమ్మబుద్ధి కాక, మళ్ళీ ఒకసారి చూద్దామనుకుంది. అన్నం పెడుతూ, "ఆ బావి పక్కింట్లో ఉయ్యాల ఉండాది చూడండి, దాని గొలుసులకి కూడా ఉన్ని చుట్టినారు. పసిబిడ్డ ఊగే చప్పుడుకి కూడా జడిసినారంటే..." అని మొదలుపెట్టింది. "పప్పులో ఉప్పు చూసుకో మే," అన్నాడతను. మర్నాడు పొద్దున అదే మాట గోపాలయ్య రాశాడు. సురేంద్రబాబు షాపులోంచి పరిగెత్తుకుంటూ ఇంటికొచ్చాడు. "చూసినావా! ఉయ్యాల గొలుసు! ఆ మనిషికి దండేసి దండం పెట్టాల!"

సుజన కూర తరుగుతున్న కత్తిపీట ముందు నుంచి లేవలేదు. లేస్తే ఏమంటుందో ఆమెకే తెలియదు.

అట్లా నెలలు గడిచాయి. గోపాలయ్య ఫోను ఎత్తడు, చెవులు సరిగా వినపడవని రాశాడు. దానికీ సురేంద్రబాబు తెగ బాధపడ్డాడు. దొంగల ఊరు వదిలేసి ఏటి కథకి మారిపోయాడు. 'గోపాలయ్య సార్ చెప్పిన ఏరు' అని ఇంకో వీడియో పెట్టాడు. మూడేళ్ళ కిందట సుజన రాసిన ఏరు అదే గ్రూపులో ఎక్కడో అడుగున పడి ఉంది. దాన్ని ఎవరూ వెతకలేదు. సుజన ఒకటి రెండుసార్లు గోపాలయ్యని మాయం చేసేద్దామనుకుంది. కానీ పొద్దున్నే లేచి ఆ పాత ఫోను తీసి, జనం 'సార్, సార్' అని అడుగుతుంటే జవాబు రాయకుండా ఉండలేకపోయింది. తాత పేరుకి వచ్చే మర్యాద చూస్తే ఉడుకుమోతుతనం. అది లేకుండా ఉండాలంటే ఇంకా దిగులు.

అప్పుడు పార్కు వాళ్ళు ఒక ప్రకటన వేశారు. మూగపేట మూసేస్తున్నారు. దాని స్థానంలో మంచు కొండలు, పెంగ్విన్‌లు వస్తాయి.

గ్రూపులో శోకాలు పెట్టారు. చివరి ఆదివారం అందరూ పేటలో కలుద్దామన్నాడు డేవిడ్‌రాజు. "గోపాలయ్య సార్ వచ్చి గంటల మండపం కింద నిలబడి మాట్లాడాల" అన్నాడు. అందరూ అదే మాట పట్టుకున్నారు. సుజనకి దారి తోచక, "ఒంట్లో నలతగా ఉండాది, రాలేను" అని రాసింది.

ఆ సాయంత్రం సురేంద్రబాబు రెండు సంచుల బత్తాయిలు కొనుక్కుని ఇంటికొచ్చాడు. "రేపు ఉదయగిరి పోదాం. ఆయన్ని చూసొద్దాం. మీ నాయనకి తెలిసే ఉంటాడు, అంత పెద్దమనిషి."

"వద్దండీ. నలతగా ఉన్న మనిషి దగ్గరికి..."

"అందుకే గదా పోయేది!"

"మా నాయనకి ఎవరూ తెలీదు. ఆయన లోకం గొర్రెలే."

"ఊరు ఊరంతా అడుగుతా," అన్నాడు సురేంద్రబాబు. అత్తగారింటి ఫంక్షన్లకి పొమ్మంటే షాపు వంక పెట్టే మనిషి.

ఉదయగిరి బస్సులో సుజన కిటికీ వైపు కూర్చుని ఎన్నో రకాలుగా మాట మొదలుపెట్టుకుంది, ఒక్కటీ నోటిదాకా రాలేదు. పక్కన అతను బత్తాయిల సంచి ఒళ్ళో పెట్టుకుని, ఆయన్ని కలిసినాక ఏమేం అడగాలో చెప్పుకుంటూ పోతున్నాడు.

మాలకొండయ్య వసారాలో నులకమంచం మీద కూర్చుని ఉన్నాడు. కొత్త కళ్ళద్దాలు పెట్టుకుని అల్లుణ్ణి చూసి మురిసిపోయాడు. తల్లి ఆదిశేషమ్మ మజ్జిగ తెచ్చింది. సురేంద్రబాబు గ్లాసు అందుకోకుండానే, "మామా, ఈ ఊళ్ళో గోపాలయ్య గారని పెద్దాయన, బాగా చదువుకున్న మనిషి. తెలుసునా?" అన్నాడు.

"గోపాలయ్యంటే మా నాయన గదా. ఆయన పోయి చాన్నాళ్ళాయె. చదువా? వేలిముద్రే."

"ఆయన గాదు మామా. ఇదిగో, ఆయన నంబరు."

మాలకొండయ్య ఫోను దూరంగా పట్టుకుని, దగ్గరికి తెచ్చుకుని, మళ్ళీ దూరంగా పెట్టి చూశాడు. "ఇది మన బోరు మోటారు నంబరు గదయ్యా!"

"ఏంది?"

"మన మోటారుది. నీకెట్టా వచ్చింది? ఆ ఫోను అమ్మాయి తీసుకుపోయిందే." అని కూతురి వైపు చూశాడు.

సుజన తల ఎత్తలేదు. సురేంద్రబాబు మజ్జిగ గ్లాసు అందుకున్నాడు, కొంచెం తాగాడు, కింద పెట్టాడు. లేచి చెప్పులేసుకుని కొండ దారి వైపు నడిచాడు. "ఏమైందే?" అని తల్లి అడుగుతుండగానే సుజన అతని వెనకాలే పోయింది.

చాలా దూరం అతను తిరిగి చూడలేదు. కొండ కిందికి వచ్చినాక ఒక బండ మీద కూర్చున్నాడు.

"ఎంత ఎర్రోణ్ణి చేసినావు నన్ను. ఊరందరి ముందరా."

"ఊరికెవరికీ తెలీదు. మీకే తెలిసింది."

"నాకు తెలిస్తే చాలదా?" అన్నాడతను. "బత్తాయిలు గూడా కొన్నానే."

సుజన అతనికి ఎదురుగా నిలబడింది. ఇన్నాళ్ళ మంట ఒక్కసారి పైకి తన్నుకొచ్చింది. "నేను బస్సులో చెప్తే నిద్రపోయినారు. అన్నం పెడతా చెప్తే ఉప్పు చూసుకోమన్నారు. అదే మాట మా తాత చెప్తే పరిగెత్తుకుంటా వచ్చినారు. నా గొంతులో ఏం లోపం ఉండాదో చెప్పండి. దిద్దుకుంటా."

అతను చాలాసేపు మట్టిలో పుల్లతో గీతలు గీశాడు. తర్వాత తల ఎత్తకుండానే అన్నాడు.

"నీ గొంతులో లోపం గాదు. నువ్వు ఆ పేట గురించి మాట్లాడేటప్పుడు నీ మొహం ఎట్టుంటదో నీకు తెలీదు. పెళ్ళయినాక ఆ మొహంతో నా వైపు ఎప్పుడన్నా చూసినావా? నా షాపు వైపు చూసినావా? మూడేళ్ళు ఆ అట్టముక్కల ఊరిని చూసి కుళ్ళుకున్నా నేను. అందుకని, ఆ ఊళ్ళోకి నేను కూడా పోదామనుకున్నా. పోయినాక నీకంటే నన్నే ఎక్కువ మంది పిలుస్తుంటే బాగనిపించింది. నీ పేరు చెప్పాలని తెలీక గాదు. చెప్పబుద్ధి కాలా."

సుజనకి ఈ మాట ఏ వైపు నుంచి వచ్చిందో అర్థం కాలేదు. అసూయ అంతా తన ఒక్కదాని కడుపులోనే ఉందనుకుంది ఇన్నాళ్ళూ. ఒకే ఇంట్లో, ఒకే కంచం ముందర, ఇద్దరూ అదే తింటున్నారని తెలియదు.

"అందుకని నా చక్రాలు ఎత్తుకుపోతారా?" అంది కొంచెం తగ్గి.

"దొంగల ఊరని చెప్పినా గదా," అన్నాడు.

ఆమె నవ్వకూడదనుకుంది. నవ్వు వచ్చేసింది. అయితే అతను నవ్వలేదు. తిరిగి ఇంటికి వచ్చేదాకా ఇద్దరూ ఎడంగానే నడిచారు. బత్తాయిలు మాలకొండయ్యకే ఇచ్చారు.

చివరి ఆదివారం మూగపేటలో జనం బాగానే చేరారు. కావలి, నెల్లూరు, గూడూరు, ఎక్కడెక్కడి నుంచో వచ్చారు. ఫోన్లో పేర్లుగా తెలిసినవాళ్ళు మొహాలుగా ఎదురుపడి సిగ్గుపడుతున్నారు. డేవిడ్‌రాజు లావుపాటి మనిషి, గంటల కింద నిలబడి, "గోపాలయ్య సార్ రాలేకపోయినారు, మనకి అదృష్టం లేదు" అని మొదలుపెట్టాడు.

"వచ్చినారు," అన్నాడు సురేంద్రబాబు.

సుజన చటుక్కున అతని వైపు తిరిగింది. ఇట్లా చెప్తాడని ఆమెకి తెలియదు. ఇంట్లో దాని గురించి మాటే రాలేదు.

"గోపాలయ్య ఈమే. మా ఇంటామె, సుజన. తాళాల సంగతి, ఉయ్యాల సంగతి, ఏటి కథ, అన్నీ ఈమెవే. నా మొదటి వీడియోలో చక్రాలు గూడా ఈమె చూపించినవే. అప్పుడు చెప్పలా, ఇప్పుడు చెప్తుండా." గబగబా అనేసి, పక్కనున్న స్తంభం వెనక్కి పోయాడు.

 షైనీ ముందు తేరుకుంది. "అక్కా, మీరా? మీరు మూడేళ్ళ కిందట ఏరు గురించి రాస్తే నేను చదవను కూడా చదవలేదక్కా," అని ఆమె చేతులు పట్టుకుంది. డేవిడ్‌రాజు నెత్తి గోక్కున్నాడు. తర్వాత అందరూ ఒక్కసారిగా చుట్టూ మూగారు. మాట్లాడమన్నారు.

సుజన మాట్లాడింది.  చూస్తుండగానే ఆ వీధి, ఆ బావి, ఆ జనం ఆమె నోట్లోంచి లేచి నిలబడ్డారు. చప్పుడు చేయకుండా పెళ్ళిళ్ళు చేసుకున్నవాళ్ళు, చప్పుడు చేయకుండా ఏడ్చినవాళ్ళు. వింటున్నవాళ్ళు కూడా గొంతు తగ్గించి గుసగుసలాడడం మొదలుపెట్టారు. మధ్యలో ఒకసారి స్తంభం వైపు చూసింది. సురేంద్రబాబు చేతులు కట్టుకుని నవ్వుమొహం పెట్టుకుని ఉన్నాడు. ఆ నవ్వు కింద ఏముందో ఆమెకి బాగా తెలుసు. అద్దంలో తన మొహం మీద చూసుకున్నదే. జాలి కలగాలి. కలిగింది కూడా. దాని పక్కనే ఇంకొకటి కలిగింది, కాస్త తియ్యగా. అది పైకి చెప్పుకునేది కాదు.

"అక్కా, ఒక అనుమానం," అంది షైనీ. "పెద్దోళ్ళు నోరు మూసుకుంటారు. పుట్టిన బిడ్డ ఏడవకుండా ఎట్టా ఉంటాది? కాన్పుకి తల్లి అరవకుండా ఎట్టా ఉంటాది? మరి ఏరు లేవదా?"

సుజన  ఉయ్యాల గొలుసుకి ఉన్ని చుట్టడం చూసింది గానీ, ఉయ్యాల్లో బిడ్డ ఏడుపు సంగతి ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా తట్టలేదు.

"ఆ ఊళ్ళో కానుపులు జరగవు," అని స్తంభం వెనక నుంచి వినపడింది. సురేంద్రబాబు ముందుకొచ్చాడు. "గేటు పక్కన పల్లకీ ఉండాది, చూసినారా? దాని మొహం ఊరి బయటికి తిరిగుండాది. నెలలు నిండినామెను దాంట్లో బయటికి తీసుకుపోతారు. బిడ్డకి ఏడుపు మానే ఈడు వచ్చినాకే తిరిగొస్తారు. అందుకే పల్లకీ లోపల మెత్త మీద రెండు గుంతలుండాయి. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది."

జనం గేటు వైపు పరిగెత్తారు. నిజంగానే మెత్త మీద రెండు గుంతలున్నాయి, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. ఎవరో చప్పట్లు కొట్టబోయి, ఎక్కడున్నారో గుర్తొచ్చి ఆగిపోయారు. డేవిడ్‌రాజు సురేంద్రబాబు భుజం మీద చెయ్యి వేశాడు.

సుజన పల్లకీ దగ్గర నిలబడిపోయింది. వచ్చిన ప్రతిసారీ దాని పక్కనుంచే నడిచింది. ఒక్కసారి వంగి లోపలికి చూడలేదు. తన కథకి తను తెచ్చిన వాటన్నిటికంటే ఇది చక్కగా అతికింది. తెచ్చింది మాత్రం అతను. పాత మంట మళ్ళీ రాజుకుంది.

సాయంత్రం నెల్లూరు బస్సులో ఇద్దరికీ సీట్లు దొరికాయి. సుజన తన సొంత ఫోను తీసింది. "పల్లకీ సంగతి కనిపెట్టింది సురేంద్రబాబు. ఇన్నేళ్ళు నేను చూడలేదు" అని రాసింది. రాసేదానికి చాలాసేపు పట్టింది. రెండుసార్లు చెరిపేసింది. మూడోసారి, తన పేరుతోనే, పంపేసింది.

అతను పక్కనుంచి వంగి చదివాడు.  కాసేపటికి, "ఎంతమంది చూసినారు?" అన్నాడు కిటికీ వైపు తిరిగి, పట్టనట్టు.

"చాలామంది. మీకే దండాలు పెడుతుండారు."

"నీకు గూడా పెట్టుంటారులే."

"ఇద్దరికీ పెడుతుండారు. మీకు కొంచెం ఎక్కువ."

అతను దాచుకోలేకపోయాడు, మొహమంతా విచ్చుకుంది. గూడూరు దాటేటప్పటికి హాయిగా నిద్రపోయాడు.

సుజనకి నిద్ర రాలేదు. ఫోన్లో షైనీ పెట్టిన పల్లకీ ఫొటో తెరిచి, పెద్దది చేసి, అటూ ఇటూ జరిపి చూస్తూ కూర్చుంది. ఉన్నట్టుండి వేలు ఆగిపోయింది. పల్లకీకి భుజాన పెట్టుకుని మోసే బొంగు లేదు. బొంగు దూర్చే కడియాలు కూడా లేవు. మరి నెలలు నిండిన ఆడమనిషిని ఎట్టా మోసుకుపోయినారు?

పక్కనున్న మొగుడి వైపు చూసింది. లేపి అడుగుదామా అనుకుంది. అడిగితే రేపటికల్లా ఏదో ఒకటి అల్లి తీసుకొస్తాడు, నలుగురూ మెచ్చుకునేటట్టు. వద్దులే అనుకుని, గ్రూపు తెరిచి, తన పేరు మీద, "పల్లకీ గురించి ఒక అనుమానం" అని రాయడం మొదలుపెట్టింది.